ఎర్ర చున్నీ

ఆ శనివారం ఉదయం షెడ్డులో హాజరైనవారు, వచ్చిన వరుసలో, వీరు: మొదట రాధాకృష్ణమూర్తిగారు, ఆయన వెనుకనే పులిహోర డబ్బాతో ఆయన భార్య కాంతమ్మగారు, వారిద్దరినీ వైశాలి నుంచి తన కారులో తీసుకొచ్చిన ప్రణతి, తరువాత గురుగ్రామ్ నుంచి మోటారు సైకిలు మీద రఘునందన్, చిట్టచివర, చుట్టచుట్టిన బ్యానరును భుజాన వేసుకొని భరద్వాజ్. ఏ పనికైనా ముందు ఎవరెవరు ఉన్నారో పైకి చదవడం రాధాకృష్ణమూర్తిగారి అలవాటు. విమానాల తనిఖీ ఉద్యోగంలో తల నెరిసి పదవీ విరమణ చేసిన తరువాత కూడా ఆ అలవాటు ఆయనను వదలలేదు.

"హాజరు ఐదుగురు," అని ఆయన ముగించారు. చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నారు. తనిఖీ చేసేవాడు పనిముట్టు పట్టరాదు, పనిముట్టు పట్టినవాడు తనిఖీ చేయరాదు అన్నది ఆయన మొదటి నియమం. ఆ నియమాన్ని గుర్తుంచుకొనడానికే ఆయన చేతులు ఎప్పుడూ వీపు వెనుక ఉండేవి.

ఫరూఖ్‌నగర్ రోడ్డు పక్కన ఆవచేల నడుమ ఉన్న ఆ షెడ్డు ఒకప్పుడు కోళ్ళఫారం. దాని వెనుక ఒక పెద్ద రైతు తన పొలంలో వదిలిన గడ్డి రన్‌వే ఉంది. షెడ్డు మధ్యలో నిలబడి ఉన్నది పాలపిట్ట. ఒక్క మనిషి మాత్రమే పట్టే విమానం. పొట్టి రెక్కలు, సన్నని నడుము, పందెపు విమానాల పోలిక. ఆఫీసుల్లో రోజంతా కంప్యూటరు తెరల ముందు కూర్చునే ముగ్గురు, ప్రణతి, రఘునందన్, భరద్వాజ్, సెలవు దినాల్లో చెక్కతోనూ ప్లైవుడ్‌తోనూ తమ చేతులతో కట్టుకున్నది. ఆకృతి గీసినవాడు రఘునందన్. రేపు ఆదివారం నాడు మొదటిసారిగా నడపబోయేవాడూ అతడే. అందుకు కావలసిన అనుమతి వచ్చి వారం దాటింది.

కిందటి శనివారం దాకా విమానం బూడిద రంగులో ఉండేది. ఇప్పుడు అది నీలంగా, అద్దంలా మెరుస్తోంది.

ప్రణతి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎలా ఉంది?" అన్నాడు భరద్వాజ్. "పాలపిట్ట అని పేరు పెట్టింది నువ్వేగా. నీలం లేని పాలపిట్ట ఏమిటి చెప్పు. కార్లకు రంగులేసే వాళ్ళను నలుగుర్ని పట్టుకొచ్చా. ఏక్‌దమ్ షోరూమ్ ఫినిష్."

ప్రణతి తోక దగ్గరికి నడిచింది. వంగి, అంచు వెంట గోటిని లాగి చూసింది. "తోకకు గూడ ఏసిండ్రా?"

"తోక లేకుండా పిట్ట ఉంటుందా?"

"పుట్టీ పెట్టిండ్రా అని అడుగుతున్న."

"కొంచెం. అక్కడక్కడ గరుకుగా ఉందన్నారు, సాఫు చేశారు. ఏం, నచ్చలేదా మేడమ్‌గారికి?"

విమానపు తోకకు వెనుక అంచున, తలుపు రెక్కల వలె కదిలే రెండు పలకలు ఉంటాయి. వాటిని ఎలివేటర్లు అంటారు. అవి లేస్తే విమానపు ముక్కు లేస్తుంది, వాలితే ముక్కు వాలుతుంది. పాలపిట్టకు ఆ రెండు పలకలనూ చేసింది ప్రణతి. అవి తిరిగే బందుకు ముందువైపున సీసం పోసి, వెనుక బరువుకూ ముందు బరువుకూ సరిపోయేటట్లు తూచి, ఆ తూకాన్ని రాధాకృష్ణమూర్తిగారికి చూపించి సంతకం చేయించుకున్నది. ఆ తూకం తప్పి వెనుక బరువెక్కితే, మెల్లగా ఎగిరే విమానానికి పెద్దగా తెలియదు. వేగంగా పోయే విమానానికి మాత్రం ఆ పలకలు గాలిలో వణకడం మొదలుపెడతాయి. మొదలైన వణుకు చప్పట్లు కొట్టినంత సేపట్లో తోకను విరిచేస్తుంది.

ఈ సంగతి షెడ్డులో కాంతమ్మగారికి తప్ప అందరికీ తెలుసు. తెలియడం వేరు, ఆ పూట గుర్తుకు రావడం వేరు.

"రఘూ, ఇవి ఊడదీసి మళ్ళ తూచాలె," అన్నది ప్రణతి. "రేపు వద్దు. వచ్చే వారం ఎగరేద్దాం."

రఘునందన్ ఇంజను దగ్గర నుంచి తల ఎత్తాడు. అతని ముఖంలో నిద్రలేమి ఉంది. "రెండు కోటింగుల పెయింటే కదా ప్రణతీ."

"రెండు కోటింగులు, కింద పుట్టీ. అదంత బందుకు ఎనకనే పడ్డది."

అప్పటికే భరద్వాజ్ బ్యానరు విప్పి గోడకు కడుతున్నాడు. రేపటి వేడుకకు ముఖ్య అతిథి అతని కంపెనీకి పెద్ద. ఆయన రేపు పది గంటలకు వస్తున్నాడు. ఆయన కోసమే పాలపిట్ట రన్‌వే మీదుగా తక్కువ ఎత్తులో, పూర్తి వేగంతో ఒకసారి దూసుకుపోవాలని భరద్వాజ్ మాట ఇచ్చి ఉన్నాడు. బ్యానరు మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేర్లు మూడు. రూపకల్పన రఘునందన్, నిర్వహణ భరద్వాజ్, తనిఖీ రాధాకృష్ణమూర్తి. వాటి కింద చిన్న అక్షరాల్లో 'మరియు బృందం' అని ఉన్నది.

ప్రణతి దానిని ఒకసారి చదివింది. రెండవసారి చూడలేదు.

"సారీ ప్రణతీ, చోటు సరిపోలేదు," అన్నాడు భరద్వాజ్. "రేపు బొకే నువ్వే ఇవ్వాలి, సరేనా? మంచి చీర కట్టుకొని రా."

"నేను తోక సంగతి మాట్లాడుతున్న."

"అచ్ఛా, అర్థమైంది." అతడు రఘునందన్ వైపు చూసి నవ్వాడు. "బ్యానరు మీద పేరు పడితే తోక బరువు తగ్గిపోతుందిలే, యార్."

రఘునందన్ నవ్వలేదు, వారించనూ లేదు. ప్రణతి రాధాకృష్ణమూర్తిగారి వైపు తిరిగింది. "అంకుల్, మీరు చెప్పండి."

అందరి చూపులూ తన మీదికి రావడం ఆయనకు కొత్త కాదు. ఆయన తోక చుట్టూ ఒకసారి నడిచారు. సీట్లోకి ఎక్కి కూర్చున్న రఘునందన్, విమానాన్ని నడిపే స్టిక్కును ముందుకూ వెనక్కూ జరుపుతుంటే పలకలు మెత్తగా లేచి వాలాయి. నీలం నిగనిగలాడింది. బ్యానరు మీద తన పేరు కనబడింది. పేరుకు ముందు 'శ్రీ' చేర్చి ఉన్నారు.

"తూకం చూచినవాడిని నేను. సంతకం నాది. అది చెల్లుతుంది," అన్నారు.

"మీరు సంతకం పెట్టినప్పుడు నీలం లేదు గద అంకుల్."

ఆ మాట ఆయనకు సూటిగా తగిలింది. తగిలిన మాటకు ఆయన ఎప్పుడూ నిదానంగానే బదులిచ్చేవారు. "అమ్మా ప్రణతీ, మనసు నొచ్చుకున్నప్పుడు ఇటువంటి అభ్యంతరాలు తోచడం సహజం. పేరు సంగతి నేను భరద్వాజ్‌తో మాట్లాడతాను. ఇక భోజనానికి పదండి."

బయట ఎండలో నులకమంచం మీద కాంతమ్మగారు పులిహోర విప్పారు. మగవారు ముగ్గురూ ముఖ్య అతిథి కారు ఎక్కడ నిలపాలి, ఫోటోలు ఏ వైపు నుంచి తీయాలి అని చర్చిస్తూ తిన్నారు. ప్రణతి ఆకలి లేదని లోపలే ఉండిపోయింది. కాంతమ్మగారు ఒక ప్లేటు పట్టుకొని లోపలికి వెళ్ళి, కొంచెం ఆలస్యంగానే తిరిగి వచ్చారు.

పొద్దు వాలకముందే, మగవారెవరూ మళ్ళీ లోపలికి తొంగి చూడకుండానే, షెడ్డుకు తాళం వేసి బయలుదేరారు. దారి పొడవునా రాధాకృష్ణమూర్తిగారు ముందు సీట్లో కూర్చొని, గురుగ్రామ్ దగ్గర లారీలు వరుస తప్పడం గురించీ, ఎక్స్‌ప్రెస్ వే మీద గుర్తులు సరిగా లేకపోవడం గురించీ వ్యాఖ్యానించారు. ప్రణతి ఊఁ కొడుతూ నడిపింది. వెనుక సీట్లో కాంతమ్మగారి పక్కన దుప్పటి చుట్టిన మూట ఏదో ఉన్నది. కుదుపు వచ్చినప్పుడల్లా ఆవిడ దాని మీద చెయ్యి వేసి పట్టుకున్నారు.

"చలికి దుప్పటి తెచ్చుకున్నావా?" అని ఆయన ఒకసారి వెనక్కి తిరిగి అడిగారు.

"ఆఁ," అన్నారు కాంతమ్మగారు.

ఆదివారం తెల్లవారి కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే ఫోను మోగింది. రఘునందన్.

"సార్, ఎలివేటర్లు లేవు."

"లేవంటే?"

"ఊడదీసేశారు. రెండూ. షెడ్డు తాళం వేసినట్టే ఉంది. ప్రణతి ఫోన్ ఎత్తట్లేదు. మీ బిల్డింగే కదా సార్, మీరు చెబితే వింటుంది. తొమ్మిదిన్నరకల్లా తెస్తే బిగించేస్తాను."

వెనుక నుంచి భరద్వాజ్ గొంతు వినబడింది. "చోరీ అని చెప్పు. చోరీ కాకపోతే ఏంటిది?"

"బోల్టులు ఏవి?" అని అడిగారు రాధాకృష్ణమూర్తిగారు.

"ఇక్కడే ఉన్నాయి. స్టీలు గ్లాసులో వేసి సీటు మీద పెట్టింది. పిన్నులు వేరే కాగితంలో చుట్టి పెట్టింది." రఘునందన్ కొంచెం ఆగాడు. "స్టిక్కుకు ఎర్ర చున్నీ కట్టి ఉంది సార్."

రాధాకృష్ణమూర్తిగారు గ్లాసు కింద పెట్టారు.

ఆ షెడ్డులో అడుగుపెట్టిన మొదటినాడు ఆయన ఆ ముగ్గురినీ నిలబెట్టి ఒక మాట చెప్పారు. విమానంలో ఏదైనా సందేహం ఉన్నవారు స్టిక్కుకు ఎర్ర గుడ్డ కట్టవచ్చు. ఎవరైనా కట్టవచ్చు, ఎవరినీ అడగనక్కరలేదు. కట్టిన తరువాత ఆ విమానం కదలదు. ఆ గుడ్డను కట్టినవారే విప్పాలి. వారికంటె పై అధికారి అయినా, విమానం యజమాని అయినా విప్పరాదు. ముగ్గురూ తలలు ఊపారు. ఆ తరువాత ఆ గుడ్డ అవసరం ఎవరికీ రాలేదు.

"నువ్వు దాన్ని విప్పావా?"

"లేదు సార్."

"విప్పకు," అని ఆయన ఫోను పెట్టేశారు. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకొని, చెప్పులు వేసుకుంటూ భార్యతో అన్నారు. "ఆ పిల్ల విమానం ముక్కలు రెండు పట్టుకొచ్చిందట. ఎలా తెచ్చి ఉంటుందో."

"మనం వచ్చిన కారులోనే," అన్నారు కాంతమ్మగారు, ఇడ్లీ రేకులకు నూనె రాస్తూ. "నా పక్కనే ఉన్నాయిగా దారంతా."

ఆయన గుమ్మంలో ఆగారు. "నీకు తెలుసా?"

"దుప్పటి అంచు పట్టుకోమంది, పట్టుకున్నాను."

"నాకు చెప్పలేదేం?"

"దుప్పటా అని అడిగారు. దుప్పటే కదా, ఆఁ అన్నాను. లోపల ఏముందని అడగలేదుగా మీరు."

ముప్పైయేళ్ళు ఇతరుల కంట పడనివి తన కంట పడతాయని పేరు పొందిన మనిషి ఆయన. రెండు అంతస్తులు దిగి ప్రణతి తలుపు తట్టారు.

తలుపు తీసిన ప్రణతి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జుట్టు మీద, ముక్కు మీద సన్నని నీలం పొడి. ఆయన ఏమంటారో అని ఆమె ఎదురు చూసినట్లున్నది. తాను చెప్పదలచినది ముందుగానే సిద్ధం చేసుకున్నది.

"నేను పేరు కోసం తేలేదు అంకుల్. పేరు లేదని బాధ అయింది, కాలేదని అబద్ధం చెప్ప. గని దాని కోసం తేలేదు. పూర్తి స్పీడు మీద పోతడట రఘు. ఆ తోకతోటి నేను పోనియ్య."

"దారి ఇస్తావా?" అన్నారాయన.

భోజనాల బల్ల మీద స్టీలు డబ్బాలు రెండు దొంతరలుగా పేర్చి ఉన్నాయి. వాటి మీద చీల్చిన చెక్క బద్దల్లో నిలబెట్టిన రెండు బ్లేడ్లు. ఆ బ్లేడ్ల అంచుల మీద బందు చీలలు ఆనించి, ఒక ఎలివేటరు వేలాడుతోంది. దాని వెనుక అంచును ప్రణతి వేలితో ఎత్తి సమంగా పట్టుకున్నది.

"వదులు," అన్నారు రాధాకృష్ణమూర్తిగారు.

ఆమె వేలు తీసింది. పలక వెనుక అంచు, మనిషి నడుం వాల్చినట్లు, నెమ్మదిగా కిందికి దిగింది.

"బాల్కనీ తలుపు వేయి. గాలి వస్తోంది."

ఆమె తలుపు వేసి వచ్చి మళ్ళీ ఎత్తి వదిలింది. మళ్ళీ వాలింది. ఆయన వంగి బ్లేడ్ల అంచులు చూశారు, చీలలు చూశారు, దొంతరల కింద బల్ల సమంగా ఉన్నదో లేదో గ్లాసులో నీళ్ళు పెట్టించి చూశారు. తప్పు పట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని ఆయన మనస్ఫూర్తిగానే వెదికారు. దొరకలేదు. మూడవసారి పలక వాలినప్పుడు ఆయన కుర్చీ లాక్కొని కూర్చున్నారు. తక్కువ ఎత్తున దూసుకువచ్చే నీలం విమానం, సీట్లో రఘునందన్, కింద చప్పట్లు కొట్టడానికి చేతులెత్తిన జనం. ఇవన్నీ ఆయన కళ్ళముందు ఒక్క క్షణం నిలిచాయి.

తరువాత ఫోను తీసి భరద్వాజ్‌కు చేశారు.

"ఈరోజు విమానం ఎగరదు. నా సంతకాన్ని నేను ఉపసంహరించుకుంటున్నాను."

"అంకుల్, ఏం మాట్లాడుతున్నారు? మా సార్ ఎక్స్‌ప్రెస్ వే ఎక్కేశారు. ఆవిడ అలిగిందని మీరు కూడా..."

"అలిగినది తోక అని తూకం చెప్పింది. ఆ అమ్మాయి కాదు. అతిథికి సమోసాలు పెట్టు, విమానం చూపించు. అబద్ధం మాత్రం చెప్పకు."

ఫోను జేబులో పెట్టుకొని ఆయన బల్ల మీద ఉన్నదాన్ని చాలాసేపు చూశారు. "బందుకు ముందున్న కొమ్ములో ఇంకా సీసం పోయడానికి చోటు లేదు కదూ?"

"లేదంకుల్. గీకుడే."

"రెండు పలకలు. పుట్టీ దాకా పోవాలి, చెక్క తగలరాదు. ఒక్కదానివి ఎప్పటికి చేస్తావు?" ఆయన చేతులు వీపు వెనుక నుంచి ముందుకు వచ్చాయి. చొక్కా చేతులు మడిచారు. "గరుకు కాగితం ఇలా ఇయ్యి."

ప్రణతి కదలలేదు. "మీరు చెయ్యి పెడితే మళ్ళ తనిఖీ చేయరాదు అంకుల్. మీ రూలే గద."

"అవును. చేయరాదు. ఇయ్యి."

కాంతమ్మగారు ఇడ్లీల గిన్నెతో దిగి వచ్చేసరికి ఆయన బాల్కనీలో పీట మీద కూర్చొని, మోకాళ్ళ మీద పలక పెట్టుకొని, తడి కాగితంతో ఒకే దిశలో రుద్దుతున్నారు. ఆవిడ కొంతసేపు నిలబడి చూశారు.

"ఏమండీ, చొక్కాకంతా నీలం."

"ఉండనీ."

"ఇంట్లో ఒక మేకు కొట్టమంటే చేతులు వెనక్కి పెట్టుకుంటారు," అని ఆవిడ ప్రణతితో అన్నారు. "చూడు ఇప్పుడు."

ప్రణతి ఆ రోజుకు మొదటిసారి నవ్వింది.

మధ్యాహ్నం రఘునందన్ వచ్చాడు. మెట్ల మీద అతని అడుగులు కోపంగా వినబడ్డాయి; గది లోపలికి వచ్చేసరికి కోపం సగం అలసటగా మారింది. ముఖ్య అతిథి వచ్చి వెళ్ళాడట. తోకకు రెండు పలకలు లేవన్న సంగతే ఆయన గమనించలేదట. విమానం పక్కన ఫోటోలు తీయించుకొని, చాలా అందంగా ఉంది, ఎప్పుడు ఎగిరినా పిలవండి అని చెప్పి, రెండు సమోసాలు తిని వెళ్ళిపోయాడట.

"అంతేనా?" అన్నది ప్రణతి.

"అంతే. భరద్వాజ్ మాత్రం ఇంకా అరుస్తున్నాడు." అతడు ఆమె వైపు చూడకుండా కూర్చున్నాడు. "నన్ను అడిగి తీయొచ్చుగా ప్రణతీ."

"అడిగిన. రెండు కోటింగులే గద అన్నవు."

రాధాకృష్ణమూర్తిగారు తన పలకను తుడిచి బల్ల మీద పెట్టారు.

"రఘునందన్, ఈ పలకల మీద నువ్వు చెయ్యి పెట్టలేదు. నేనూ ఈ అమ్మాయీ పెట్టాము. కాబట్టి ఇక తనిఖీ నీది. ఇది గీకినది. అది ఇంకా గీకనిది. ముందు గీకనిది ఎక్కించు."

రఘునందన్ లేచి, గీకని పలకను రెండు చేతులతో ఎత్తి బ్లేడ్ల మీద ఆనించాడు. వెనుక అంచును సమంగా పట్టుకొని వదిలాడు. అది వాలిపోయింది. అతడు దానిని మళ్ళీ ఎత్తి వదిలాడు. వాలిపోయిన పలక వంక చూస్తూ అలాగే నిలబడ్డాడు. కాంతమ్మగారు మంచినీళ్ళు తెచ్చి చేతికి ఇచ్చేదాకా అతనికి అక్కడ మరో మనిషి ఉన్నట్లు తెలియలేదు.

తరువాత గీకినదాన్ని ఎక్కించాడు. వదిలాడు. అది ఎక్కడ వదిలితే అక్కడ, నీటి మీద తేలే ఆకులా, నిలిచిపోయింది.

"ప్రణతీ," అన్నాడు. "ఆ ఇంకో కాగితం ముక్క ఉందా?"

"నువ్వు పట్టుకుంటే మళ్ళ తనిఖీకి మనిషి ఉండడు," అన్నది ప్రణతి. "కూసో. ఇడ్లీ తిను."

మరుసటి ఆదివారం ఉదయం ఆవచేల మీద పొగమంచు విడిపోయిన తరువాత పాలపిట్టను బయటికి తోశారు. రెక్కలు నీలం, తోక పలకలు మాత్రం వెలిసిన బూడిద రంగు. తూకాన్ని రఘునందన్ పరీక్షించి తన పేరు రాశాడు. భరద్వాజ్ వచ్చాడు, బ్యానరు లేకుండా. తోక దగ్గర కాసేపు తచ్చాడి, "దీదీ, ఆ బ్లేడ్ల పద్ధతి నాకూ ఒకసారి చూపించాలి మీరు," అన్నాడు. అతడు ప్రణతిని దీదీ అనడం, మీరు అనడం రెండూ అదే మొదటిసారి.

"పుట్టీ పెట్టనంటే చూపిస్త," అన్నది ప్రణతి.

రఘునందన్ హెల్మెట్ పెట్టుకొని విమానం పక్కన నిలబడ్డాడు. సీట్లో కూర్చోలేదు. స్టిక్కుకు చున్నీ ఇంకా అలాగే ఉన్నది; వారం రోజులుగా దానిని ఎవరూ తాకలేదు. ప్రణతి కాక్‌పిట్ లోపలికి వంగి ముడి విప్పి, చున్నీని మడిచి భుజాన వేసుకొని పక్కకు జరిగింది. అప్పుడు అతడు ఎక్కి కూర్చున్నాడు.

మొదటి చుట్టు మెల్లగా, ఎత్తుగా తిరిగాడు. రెండవ చుట్టు కొంచెం వేగంగా. అలా వేగాన్ని మెట్టు మెట్టుగా పెంచుకుంటూ పోయి, చివరకు రన్‌వే మీదుగా పూర్తి వేగంతో దూసుకువచ్చాడు. చప్పుడు ముందు వచ్చింది, నీలం తరువాత వచ్చింది. రాధాకృష్ణమూర్తిగారు రెక్కలను చూడలేదు, నీలాన్ని చూడలేదు. తోకనే చూశారు. అది గోడకు కొట్టిన మేకులా కదలకుండా పోయింది. పక్కన ప్రణతి చున్నీ కొసను వేళ్ళకు చుట్టుకొని నిలబడి ఉన్నది. విమానం గడ్డి మీద దిగి, ఒకసారి ఎగిరి, మళ్ళీ కూర్చొని, ఆగింది. అప్పుడు ఆమె ఊపిరి వదిలిన చప్పుడు ఆయనకు వినబడింది. తాను కూడా అంతసేపూ బిగపట్టి ఉన్నట్లు అప్పుడు తెలిసింది.

"దిగాడా?" అన్నారు కళ్ళు మూసుకొని ఉన్న కాంతమ్మగారు.

"దిగాడు. కళ్ళు తెరువు."

రఘునందన్ నడిచి వచ్చాడు. ముఖమంతా నవ్వు. రాధాకృష్ణమూర్తిగారు అందరినీ షెడ్డు నీడలో నిలబడమన్నారు. చొక్కా సర్దుకున్నారు. గోళ్ళ సందుల్లో ఇంకా నీలం పోలేదు. చేతులు వెనక్కి కట్టుకోబోయి, పక్కలకు వదిలేశారు.

"హాజరైనవారు," అని ఆయన మొదలుపెట్టారు. "ప్రణతి. రఘునందన్. భరద్వాజ్. కాంతమ్మ. రాధాకృష్ణమూర్తి. వీరి సమక్షంలో తెలియజేయడమేమనగా: కిందటి వారం శనివారం మధ్యాహ్నం, ఎవరి అనుమతీ కోరక, ఎవరి నిందకూ వెరవక, తూకం తప్పిన ఈ విమానానికి ఎర్ర గుడ్డ కట్టి దానిని నేల మీద నిలిపినది ప్రణతి. ఆ పని ఆమె ఒక్కతే చేసింది. అది సరియైన పని. దానివల్ల ఈనాడు రఘునందన్ మన మధ్య నిలబడి ఉన్నాడు. చూడవలసి ఉండి చూడని తనిఖీదారు రాధాకృష్ణమూర్తి ఈ సంగతిని అంగీకరించి, అందరి తరఫునా ఆమెకు కృతజ్ఞత తెలుపుతున్నాడు."